పది రెట్ల భూతద్దం, గరికలో పాలరంగు గొడుగు

ప్రొద్దుటూరులో నగల పనివాళ్ళకు పనిముట్లు అమ్మే ఒక చిన్న అంగట్లో ఈ భూతద్దం కొని పద్నాలుగు నెలలైంది. పది రెట్లు పెంచి చూపిస్తుంది, మడిచి జేబులో వేసుకోవచ్చు, ధర ఆరు వందల యాభై రూపాయలు. నాది నగల పని కాదు. గరికలో, పచ్చికలో మొలిచే వేలెడంత పుట్టగొడుగుల్ని దగ్గరగా చూడ్డానికి కొన్నాను, ఈ రివ్యూ కూడా ఆ పనికి ఇది ఎలా ఉందో చెప్పడానికే. నగల పనికి ఎలా ఉంటుందో మా మామయ్య చెప్పాలి, ఆయన నలభై ఏళ్ళుగా కంటికి ఐ గ్లాస్ పెట్టుకుని అతుకులు చూస్తూ బతికిన మనిషి. అంగడి చూపించింది కూడా ఆయనే.

ఎందుకు కొన్నానో ముందు చెప్తాను. పోయినేడాది ఆగస్టులో రెండు రాత్రులు వరసగా వాన పడింది. మూడో రోజు పొద్దున ఆరింటికి వాకింగ్‌కు పోతే గ్రౌండ్‌లో ఒక మూల గరిక నిండా పాలరంగు గొడుగులు. ఒక్కోటి చిటికెన వేలంత పొడుగు, దారంలాంటి కాడ, తల మీద పిల్లల పుట్టినరోజు టోపీలాంటి కోసు టోపీ. మా వీధిలో ఉండే అత్త, వరసకే అత్త, వాటిని కొంగులోకి ఏరుకుంటా ఉంది. ఏం చేస్తావత్తా వీటిని అని అడిగితే, "వేపుడు చేస్తా నాయనా, చిన్నప్పుడు మా ఊళ్ళో చేను గట్ల మీద ఇట్లాంటివే గంపల కొద్దీ ఏరుకొచ్చేవాళ్ళం" అంది.

నాకప్పటికి పుట్టగొడుగుల గురించి ఏమీ తెలీదు. కానీ ఆమె కొంగులో పడ్డవి పడ్డట్టే విరిగిపోయి, కాడలు వేరు, టోపీలు వేరు అయిపోయి ఉన్నాయి. కూరకు పనికొచ్చేది ఏదైనా ఇంత పెళుసుగా ఉంటుందా అని అనుమానం వచ్చింది. ఫోన్‌లో ఒక యాప్ తీసి మూడు ఫొటోలు పెట్టాను. మూడింటికి మూడు పేర్లు చెప్పింది, అందులో ఒక పేరు పక్కన తినొచ్చు అని పచ్చ గుర్తు కూడా ఉంది. ఆ పచ్చ గుర్తు చూశాకే నాకు నిజంగా టెన్షన్ వచ్చింది, ఎందుకంటే ఆ ఫొటోనే ముందు తీసి ఉంటే నేనూ తినమనే చెప్పి ఉండేవాణ్ణి. "ఈ ఒక్కసారికి వద్దత్తా, నాకెందుకో భయంగా ఉంది" అన్నాను. ఆమె కాసేపు నా మొహం చూసి, "నువ్వింతగా చెప్తే వద్దులే" అని కొంగు దులిపేసింది.

చుట్టూ నడిచే వాళ్ళను అడిగితే అందరూ ఒకే మాట, అవి కుక్కగొడుగులు, ముట్టుకోవద్దు అని. మన దగ్గర తినేది పుట్టగొడుగు, తినకూడనిది కుక్కగొడుగు, అంతటితో సరి. వరిలో, మామిడిలో, వంకాయలో రకరకానికీ పేరు పెట్టుకున్న మనం ఈ గరికలో గొడుగుల్ని మాత్రం ఒక్క మాట కింద కుప్పపోసి వదిలేశాం. ఆ మాట ముట్టుకోవద్దని చెప్తుంది, అదేమిటో చెప్పదు. నాకు అదేమిటో తెలుసుకోవాలనిపించింది. నాలుగు గొడుగులు కాగితంలో పొట్లం కట్టి ఇంటికి తెచ్చాను. స్నానం చేసి, టిఫిన్ తిని, పదింటికి పొట్లం విప్పితే కాడలు వాలిపోయి, టోపీలు కాగితానికి అతుక్కుపోయి ఉన్నాయి. సాయంత్రం గ్రౌండ్‌కు పోయి చూస్తే అక్కడా ఏమీ లేదు, వట్టి గరిక. వీటిని చూడాలంటే మొలిచిన చోటే, మొలిచిన గంటలోనే చూడాలి, చేతిలో అద్దం ఉండాలి అని అప్పుడు అర్థమైంది.

మొదట ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. దాని మీద 30 రెట్లు, 21 మిల్లీమీటర్లు అని చెక్కి ఉంది, రెండు వందల లోపే. చూస్తే బొమ్మ మధ్యలో మాత్రం బాగుంది, అంచుల్లో వంగిపోయి నీలం, పసుపు గీతలు కమ్ముకున్నాయి. మామయ్యకు చూపిస్తే చేతిలోకి తీసుకుని, "ఇది ముప్పై కాదు, పదే. అద్దం ఇంత వెడల్పుంటే ముప్పై ఎట్లొస్తుంది?" అన్నారు. ఎలా తెలుస్తుందో కూడా చూపించారు. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర అద్దం పట్టుకుని ముందుకీ వెనక్కీ జరిపితే, బయట ఉన్న చెట్టు తలకిందులుగా గోడ మీద స్పష్టంగా పడే చోటు ఒకటి ఉంటుంది. అద్దానికీ గోడకూ మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిచి, 250ని దానితో భాగిస్తే ఎన్ని రెట్లో సుమారుగా వస్తుంది. నా ముప్పై రెట్ల అద్దానికి 28 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే తొమ్మిది రెట్లు. నిజంగా 30 రెట్లైతే ఆ దూరం 8 మిల్లీమీటర్లే ఉండాలి. వాపసు పంపేశాను. కొనేవాళ్ళు డబ్బాపై అంకెను నమ్మకుండా ఈ ఒక్క పరీక్ష చేసుకోండి, స్కేలు ఉంటే చాలు.

తర్వాత అంగడికి పోయాం. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళకు చోటుండదు, పట్టకార్లు, ఆకురాళ్ళు, మూసలు, త్రాసులు గోడ నిండా వేలాడుతుంటాయి. పుట్టగొడుగులు చూడ్డానికి అని చెప్తే అంగడాయన నవ్వలేదు, ఏ సైజువి, ఎండలో చూస్తారా నీడలో చూస్తారా అని అడిగాడు. అది నాకు చాలా నచ్చింది. మూడు అద్దాలు బయటపెట్టి, నా వేలికున్న ఉంగరం లోపలి హాల్‌మార్క్ చదవమన్నాడు. 22కె916 అన్నది మూడింట్లోనూ కనిపించింది. దాని పక్కన ఉండే, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్), 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు కదా, అది మాత్రం ఒక అద్దంలో చివరి అక్షరం దాకా వంకర లేకుండా కనిపించింది. మూడు గాజులు అతికించిన ట్రిప్లెట్ అట, అందుకే అంచు దాకా రంగులు విడిపోవు. అదే తీసుకున్నాను. అరగంట ఓపిగ్గా చూపించి ఆరు వందల యాభై దగ్గర ఒక్క రూపాయి తగ్గించలేదు, తగ్గించాల్సిన పని కూడా లేదు.

వాడే పద్ధతి గురించి ఒక మాట, ఎందుకంటే చాలామంది సినిమాల్లో డిటెక్టివ్‌లాగా అద్దాన్ని వస్తువు దగ్గర పెట్టి కన్ను దూరంగా ఉంచుతారు. అలా చూస్తే పది రెట్ల అద్దంలో ఏమీ కనపడదు. అద్దాన్ని కంటికి దాదాపు ఆనించాలి, కళ్ళజోడు ఉంటే దానికి ఆనించినా సరే, ఆ తర్వాత గొడుగును వేళ్ళతో పట్టుకుని రెండున్నర సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చుకోవాలి. అద్దం పట్టిన చేతినీ, గొడుగు పట్టిన చేతినీ ఒకదానికొకటి ఆనించితే వణుకు ఉండదు. రెండో కన్ను మూయొద్దు, అలవాటైతే నొప్పి పుట్టదు. నాకు వారం పట్టింది.

ఇక అసలు సంగతి. ఆ గొడుగులు మళ్ళీ మొలవడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ ఐదున్నరకే గ్రౌండ్‌కు పోయి గరిక వెతికాను. పదమూడో రోజు, రాత్రి జల్లు తర్వాత, అదే మూల నలభై దాకా లేచాయి. మోకాళ్ళ మీద కూర్చుని ఒకటి వేళ్ళతో మొదలు దాకా తవ్వి తీసి అద్దం పెట్టాను.

మామూలు కంటికి అది తెల్లటి టోపీ. అద్దంలో అది తెలుపు కాదు, మీగడ రంగు, కొస దగ్గర చుక్క తేనె కలిపినట్టు. కింది అంచు నుంచి పైకి సన్నటి గీతలు, సగానికి పైగా పాకి కనపడకుండా పోతాయి. టోపీ ఎంత పల్చనంటే ఆ గీతలు లోపలి రేకుల నీడలే. మొప్పలు అని పుస్తకాల్లో ఉంటుంది, నాకు రేకులు అనడమే బాగుంది. టోపీని తిరగేస్తే మీద ఉన్న మీగడకూ లోపలి రంగుకూ సంబంధమే లేదు. లేత గొడుగులో రేకులు గోధుమపిండి రంగు, కాస్త ముదిరిన దాంట్లో ఇనప తుప్పు రంగు. ఒక్కో రేకు అంచున మాత్రం తెల్లదారం కుట్టినట్టు సన్నటి గీత. కాడ మీద బియ్యప్పిండి చల్లినట్టు నూగు, కాడ మొదట్లో చిన్న ఉబ్బు, బ్లేడుతో అడ్డంగా కోస్తే లోపల గుల్ల, స్ట్రాలాగా. కాడకు ఎక్కడా ఉంగరం లేదు. టోపీ వెడల్పు రెండు సెంటీమీటర్లు, కాడ ఏడు సెంటీమీటర్లు, మందం రెండు మిల్లీమీటర్లు. అవన్నీ అక్కడే నోట్‌బుక్‌లో రాసుకున్నాను, ఇంటికి పోయేలోపు రూపం మారిపోతుందని తెలుసు కాబట్టి.

ఒక టోపీని ఇంటికి తెచ్చి, కాడ కోసేసి, సగం తెల్లకాగితం, సగం నల్లకాగితం మీద బోర్లించి, మీద ఒక్క చుక్క నీళ్ళు వేసి స్టీలు గ్లాసు మూశాను. మధ్యాహ్నం గ్లాసు తీస్తే తెల్లకాగితం మీద దాల్చినచెక్క పొడి రంగులో చక్రం ఆకులు గీసినట్టు అచ్చు పడి ఉంది. అవి సిద్ధబీజాలు, స్పోర్స్. ఈ అచ్చు రంగు దగ్గరే సగం అనుమానాలు తీరిపోతాయి. మన చేల గట్ల మీద, పుట్టల చుట్టూ వందల కొద్దీ లేచే చిన్న తెల్ల పుట్టగొడుగు, టెర్మిటోమైసెస్ మైక్రోకార్పస్, దాని అచ్చు లేత గులాబీ రంగులో పడుతుంది. అత్త చిన్నప్పుడు తిన్నది అదే. దాని టోపీ కొస మొనదేలి ఉంటుంది, కాడ గట్టిగా నార తేలి ఉంటుంది, లోపల గుల్ల ఉండదు. చెదలు గూట్లో పెంచుకునే బూజు ముక్కల్ని పని చెదలు పైకి తెచ్చి నేల మీద పరుస్తాయి, వాటి మీద ఇది మొలుస్తుంది. అదే గరికలో మొలిచే ఇంకో పల్చటి గొడుగు పారసోలా, దానికి చీర కుచ్చెళ్ళలాంటి నిజమైన మడతలు, అచ్చు నలుపు. మూడూ మొలిచిన పొద్దున పది అడుగుల దూరం నుంచి చూస్తే ఒకటే.

నాది కోనోసైబ్ అపాలా. పేరు దొరకడానికి మాత్రం ఈ అద్దం ఒక్కటే చాలలేదు, అది దాచకుండా చెప్పాలి. సిద్ధబీజం పొడవు మిల్లీమీటరులో వందో వంతు కంటే కాస్త ఎక్కువ, పది రెట్ల అద్దంలో పొడిలా తప్ప కనపడదు. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే స్నేహితుడు ఒకరు మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టారు. 400 రెట్లలో ఒక్కో బీజం నున్నటి కోడిగుడ్డులా, ఒక కొస కోసేసినట్టు బల్లపరుపుగా ఉంది, మొలక బయటికొచ్చే రంధ్రం అక్కడే. 11 నుంచి 14 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అని పుస్తకంలో ఉన్న లెక్కకు సరిపోయింది. కానీ నన్ను కట్టిపడేసింది రేకు అంచు. నా అద్దంలో తెల్లదారంలా కనిపించిన ఆ గీత నిజానికి వరసగా నిలబెట్టిన కణాలు, ఒక్కోటి అడుగున ఉబ్బి, మెడ సన్నబడి, మీద గుండుసూది తలలాంటి బంతి. కోనోసైబ్ జాతి సంతకం అది. పది రెట్ల అద్దం ఆ బంతుల్ని చూపించలేదు, కానీ ఎక్కడ చూడాలో చూపించింది. అది లేకపోతే నేను రేకు మధ్యలో ముక్క కోసి పట్టుకుపోయేవాణ్ణి.

దీన్ని మొదట వర్ణించింది స్వీడన్ శాస్త్రవేత్త ఎలియాస్ ఫ్రీస్, 1818లో. అపాలా అంటే గ్రీకులో మెత్తనిది, సుకుమారమైనది. పాత పుస్తకాల్లో లాక్టియా అని ఉంటుంది, అంటే పాలలాంటిది. రెండూ తగిన పేర్లే. చాలా దేశాల్లో నీళ్ళు పెట్టే లాన్లలో, గోల్ఫ్ మైదానాల్లో మొలుస్తుంది, పొద్దున లేచి ఎండెక్కేసరికి వాలిపోవడం దాని స్వభావం. మట్టిలో ఉండే దాని పోగుల మీద విషం చిమ్మే సన్నటి మొటిమలు ఉంటాయని, తగిలిన నెమటోడ్ అనే సన్నటి పురుగులు చచ్చిపోతాయని, ఐతే వాటిని ఇది తినదని, తనను తినకుండా కాపాడుకోవడానికే ఆ ఏర్పాటని 1996లో కెనడా పరిశోధకులు రాశారు. మనం తొక్కుకుంటూ నడిచే గరిక కింద ఇంత పెద్ద సంగతి జరుగుతోంది.

ఇంకొకటి, అత్త కొంగు దులిపినందుకు నేను ఇప్పటికీ దండం పెట్టుకునే సంగతి. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో ఈ గొడుగులో ఫాలోటాక్సిన్లు దొరికాయి, అప్పటిదాకా అమానిటా జాతి విషపు పుట్టగొడుగుల్లోనే తెలిసిన విషాలవి. నోటి ద్వారా పోతే అవి ఒంటికి పెద్దగా పట్టవు అంటారు, కానీ ఆ మాట మీద ఆధారపడి వేపుడు చేసుకునే ధైర్యం ఎవరికీ వద్దు. పైగా దీని దగ్గరి చుట్టం ఒకటుంది, ఫోలియోటినా రుగోసా, పూర్వం దాన్నీ కోనోసైబ్ అనే పిలిచేవాళ్ళు. చిన్నది, గోధుమ టోపీ, కాడకు ఉంగరం. దాంట్లో ఉన్నది అమాటాక్సిన్, కాలేయాన్ని తినేస్తుంది. తిన్నాక ఆరు గంటలో ఇంకా ఎక్కువో ఏమీ అనిపించదు, వాంతులు మొదలయ్యేసరికి విషం ఒంట్లో పని మొదలుపెట్టేసి ఉంటుంది. అందుకే కాడకు ఉంగరం ఉందా లేదా అని నేను అద్దంలో రెండుసార్లు చూస్తాను. పొరపాటున తిన్నారంటే వాంతులు వచ్చేదాకా ఆగకుండా ఆస్పత్రికి పోవాలి, మిగిలిన గొడుగు ముక్క కాగితంలో చుట్టి వెంట తీసుకుపోవాలి.

మళ్ళీ అద్దం దగ్గరికి వస్తే, లోపాలు లేవని కాదు. మడత దగ్గర స్క్రూ నాలుగు నెలలకు వదులైంది, మామయ్య చిన్న స్క్రూడ్రైవర్‌తో బిగించారు, మళ్ళీ వదులవుతుంది. తళతళలాడే పూత ఎండలో కంట్లోకి మెరుపు కొడుతుంది, నలుపు రంగుది ఉంటే అదే అడిగి తీసుకోండి. తెల్లవారుజామున తడి గరిక మీదికి వంగితే మన ఊపిరికే అద్దం మసకబారుతుంది, పక్కకు ఊపిరి వదలడం నేర్చుకోవాలి. ఒకేసారి మిల్లీమీటరు లోతు కూడా స్పష్టంగా కనపడదు, టోపీ కొస తేటగా ఉంటే అంచు మసక. తాడు కట్టుకునే కొక్కెం లేదు, నేను రెండుసార్లు గరికలో పారేసుకుని వెతుక్కున్నాక ఎర్రదారం చుట్టాను. వానాకాలంలో తోలు సంచిలో పెట్టి వదిలేస్తే అద్దం మీదే బూజు పట్టొచ్చు, మందు సీసాల్లో వచ్చే సిలికా పొట్లం ఒకటి వేసి స్టీలు డబ్బాలో ఉంచితే బాగుంటుంది. ఫోన్ కెమెరా మీద ఆనించి ఫొటోలు తీయొచ్చు, రేకుల అంచు దాకా బాగా వస్తాయి, కాకపోతే మూడో చెయ్యి ఉంటే బాగుండు అనిపిస్తుంది, పక్కన ఒకరు కాడ పట్టుకోవాలి.

పుట్టగొడుగు తినొచ్చో లేదో తేల్చుకోవడానికే కొనాలనుకుంటే కొనొద్దు. ఆ పని దీంతో కాదు, ఏ అద్దంతోనూ ఒక్కదానితోనే కాదు. గరికలో మొలిచినదాన్ని నిలబడి చూడాలనుకునేవాళ్ళకు, పిల్లలకు చూపించాలనుకునే టీచర్లకు ఐతే ఆరు వందల యాభై చాలా తక్కువ. 18 మిల్లీమీటర్లదీ, 21 మిల్లీమీటర్లదీ ఉంటాయి, 21ది తీసుకోండి, వెలుగు ఎక్కువ వస్తుంది.

ఈ ఏడు జూలైలో అత్త వాళ్ళ ఊరి నుంచి ఒక గుడ్డ మూట తెచ్చి మా అరుగు మీద విప్పింది. చిన్న తెల్ల గొడుగులు, ఒక్కటీ విరగలేదు. "ఏదీ, నీ అద్దమియ్యి" అంది. కంటికి ఆనించి పట్టుకోమని చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఒకదాన్ని తిప్పి తిప్పి చూసింది. "మొన ఉంది నాయనా. కాడ గట్టిగానే ఉంది. రేకులు చూడు, గులాబీ తిరుగుతున్నాయి" అంది. కాగితం మీద రెండు టోపీలు బోర్లించి గ్లాసు మూశాం. సాయంత్రం దాకా ఆగమంటే ఆగింది, మధ్యలో రెండుసార్లు వచ్చి గ్లాసు ఎత్తి చూసిపోయింది.